తెగిన నాడి చేతిలో పెరుగుతుంది, వెన్నుపాములో ఎందుకు పెరగదు?

మణికట్టు దగ్గర నాడి తెగిందనుకుందాం. సర్జన్ రెండు కొసలనూ సరిగ్గా కలిపి కుట్టగలిగితే, కొన్ని నెలలకు వేళ్లలో స్పర్శ కొంతవరకైనా తిరిగొస్తుంది. అదే మనిషికి వెన్నుపాములో తంతువులు తెగితే అవి తెగినచోటే ఆగిపోతాయి. ఏళ్లు గడిచినా అంతే. జన్యువులు అవే, రక్తం అదే, మనిషీ ఆ మనిషే. మరి తేడా ఎక్కడుంది?

చేతిలోని కణాలు వేరు, వెన్నుపాములోని కణాలు వేరు అని చెప్పి ఊరుకోవచ్చు. ఆ జవాబు చాలదని రుజువు చేసే కణం మన ఒంట్లోనే ఉంది. వెన్నెముక పొడవునా, వెన్నుపాముకు రెండు పక్కలా, చిన్న ఉబ్బుల్లా నాడీకణాల గుంపులుంటాయి. స్పర్శ, నొప్పి, వేడి, చల్లన, కీళ్లూ కండరాలూ ఏ స్థితిలో ఉన్నాయన్న కబురు, ఇవన్నీ లోపలికి చేరవేసే కణాలు ఇవే. ఒక్కో కణం నుంచి ఒక్కటే తంతువు బయలుదేరి, కాస్త దూరం పోయాక రెండు పాయలవుతుంది. ఒక పాయ చర్మానికో కండరానికో వెళ్తుంది. రెండోది వెన్నుపాములోకి వెళ్తుంది, కొన్ని కణాల్లో అయితే అక్కడి నుంచి పైకి మెదడు అడుగుభాగం దాకా సాగుతుంది. రెండు పాయలకూ కేంద్రకం ఒకటే. అయినా బయటి పాయ తెగితే మళ్లీ పెరుగుతుంది, లోపలి పాయ తెగితే పెరగదు.

1999లో నాయ్‌మన్, వూల్ఫ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ కణాల మీద చేసిన ప్రయోగం నాకు ఈ రంగం మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైనది. ఎలుకల్లో ముందుగా కాలికి వెళ్లే సయాటిక్ నాడిని గాయపరిచారు. వారం ఆగి, అవే కణాల లోపలి పాయలను వెన్నుపాములో తెంపారు. మామూలుగా అంగుళమైనా కదలని ఆ పాయలు ఈసారి గాయంలోకి చొచ్చుకొచ్చాయి, కొన్ని దాన్ని దాటి అవతలికి కూడా పెరిగాయి. బయట తగిలిన దెబ్బ కబురు కేంద్రకానికి చేరి, ఎప్పుడో మూసేసిన జన్యువులను మళ్లీ తెరిపించింది. ఆ మార్పు లోపలి పాయకూ అందింది.

అంటే పెరిగే శక్తి ఆ కణంలోంచి పోలేదు, ఆగి ఉందంతే. దాన్ని ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు, మళ్లీ విడిస్తే ఏమవుతుంది అన్నదే ఇక్కడ విప్పి చూడదలచుకున్నాను. నాడుల వికాసం, పునరుత్పత్తి (అంటే తెగినది మళ్లీ పెరగడం), క్షీణత అని పాఠ్యపుస్తకాలు మూడు అధ్యాయాలు చేస్తాయి. కణం లోపలికి వెళ్లి చూస్తే ఆ హద్దులు కనబడవు. తంతువును పెంచే అణువులే దాన్ని నిలబెడతాయి, అవి కొరవడినప్పుడే అది కూలుతుంది. మూడింటినీ విడివిడిగా చదివితే ఏ ఒక్కటీ పూర్తిగా అర్థం కాదని నా నమ్మకం.

మీటరు పొడవున్న కణం

నాడీకణాన్ని మామూలు కణంలా ఊహించుకుంటే తర్వాతి సంగతులేవీ బోధపడవు. వెన్నుపాము కింది భాగంలో ఉండి పాదం కండరాలను నడిపే చాలక నాడీకణాన్ని తీసుకోండి. దాని దేహం సుమారు 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. దాన్నుంచి బయలుదేరే పొడవాటి తంతువు, యాక్సాన్, దాదాపు మీటరు. కణదేహం 5 సెంటీమీటర్ల బంతి అంత ఉంటే యాక్సాన్ కిలోమీటరు సాగాలి. కణద్రవ్యంలో 99 శాతానికి పైగా ఆ తంతువులోనే ఉంటుంది.

ప్రొటీన్లలో అధికభాగం తయారయ్యేది మాత్రం కణదేహంలో. అక్కడ తయారైనవి కొస దాకా చేరాలి. తంతువు పొడవునా ట్యూబులిన్ అనే ప్రొటీన్‌తో కట్టిన అతి సన్నని గొట్టాలు, మైక్రోట్యూబ్యూల్స్, పరచి ఉంటాయి. వాటి మీద కైనెసిన్ అనే మోటారు ప్రొటీన్లు సరుకును కొస వైపు మోస్తాయి, డైనీన్ అనేవి వెనక్కి కణదేహం వైపు మోస్తాయి. కైనెసిన్‌ను 1985లో స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి యాక్సాన్ల మీద పనిచేస్తూ కనుగొన్నారు. పొరసంచుల్లో పోయే సరుకు రోజుకు 200 నుంచి 400 మిల్లీమీటర్ల దూరం పోగలదు. కణం అస్థిపంజరాన్ని కట్టే ప్రొటీన్ల నడక అలా ఉండదు, రోజుకు కొద్ది మిల్లీమీటర్లు, కొన్నిటికి అంతకంటే తక్కువ. రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున లెక్కవేస్తే, వెన్నుపాములో ఇవాళ బయలుదేరిన ప్రొటీన్ పాదం చేరడానికి మూడేళ్లకు దగ్గరగా పడుతుంది.

ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటే, ఎన్నో నాడీజబ్బుల్లో తిమ్మిరి, మంట ముందు కాలివేళ్లలోనే ఎందుకు మొదలవుతాయో సగం తెలిసినట్టే. అన్నిటికంటే పొడవైన తంతువుల కొసలు అక్కడున్నాయి. సరఫరా ఎక్కడ సన్నగిల్లినా ముందుగా ఇబ్బందిపడేది కొసే.

పెరగడం

పిండంలో నాడీగొట్టం మూసుకోవడం, దాని గోడలో కణాలు విభజన చెందడం, పుట్టిన నాడీకణాలు తమ తమ చోట్లకు వలసపోవడం దానికదే పెద్ద కథ. దాన్ని దాటేసి, కుదురుకున్న కణం తంతువు చాచే ఘట్టానికి వస్తాను.

గ్యారీ బ్యాంకర్ బృందం 1980లలో ఎలుక పిండాల మెదడులోని హిప్పోకాంపస్ నుంచి తీసిన నాడీకణాలను గాజు పలకల మీద పెంచి చూసింది. మొదట కణం చుట్టూ పొట్టి కొమ్మలు కొన్ని మొలుస్తాయి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఒకటి రెండు రోజులు తిరిగేసరికి వాటిలో ఒకటి ఉన్నట్టుండి పరుగందుకుంటుంది. అది యాక్సాన్ అవుతుంది, మిగతావి ఆ తర్వాత డెండ్రైట్లు, అంటే ఇతర కణాల కబురు అందుకునే కొమ్మలు, అవుతాయి. 1987లో డాటీ, బ్యాంకర్ కలిసి, ఆ పొడవైన కొమ్మను మిగతావాటి ఎత్తుకు కత్తిరించి చూశారు. కొన్ని కణాల్లో అంతకుముందు పొట్టిగా ఉన్న మరో కొమ్మ యాక్సాన్ అయింది. ఏ కొమ్మ ఏమవ్వాలో ముందే రాసిపెట్టి లేదన్నమాట.

మరి ఒక కొమ్మను యాక్సాన్‌గా మార్చేదేమిటి? జర్మనీలో ఫ్రాంక్ బ్రాడ్కే బృందం 2008లో దీనికి ఒక జవాబు చూపింది. యాక్సాన్ కాబోయే కొమ్మలో మైక్రోట్యూబ్యూల్స్ మిగతా కొమ్మల్లో కంటే స్థిరంగా, త్వరగా విడిపోకుండా ఉన్నాయి. పాక్లిటాక్సెల్ అనే మందు చేసే పని సరిగ్గా అదే, మైక్రోట్యూబ్యూల్స్‌ను విడిపోకుండా పట్టి ఉంచడం. అతి తక్కువ మోతాదులో ఈ మందు వేస్తే ఒకే కణానికి ఒకటికి మించి యాక్సాన్లు వచ్చాయి. క్యాన్సర్ చికిత్స గురించి తెలిసినవాళ్లకు ఈ మందు పేరు కొత్త కాదు. ఇది ముందుముందు ఇంకో రెండుసార్లు ఎదురవుతుంది.

పెరిగే యాక్సాన్ కొస వెడల్పుగా విచ్చుకుని, అంచుల నుంచి సన్నని పోగులు చాస్తూ ముడుస్తూ ముందుకు పోతుంది. స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ యి కహాల్ 1890లో కోడి పిండాల పలుచని ముక్కల్లో దీన్ని గుర్తించి పెరుగుదల శంకువు అన్నాడు. ఆయన ముందున్నవి రంగులద్దిన చచ్చిన కణాలు. అయినా అది కదులుతుందని, దారి వెతుకుతుందని తేల్చి చెప్పాడు. 1907లో అమెరికాలో రాస్ హారిసన్ కప్ప పిండం నుంచి నాడీకణజాలాన్ని తీసి, గడ్డకట్టిన లింఫ్ బొట్టులో ఉంచి, తంతువు బయటికి పెరగడాన్ని సూక్ష్మదర్శినిలో కళ్లారా చూశాడు. కహాల్ ఊహ నిజమైంది. కణజాలాన్ని ఒంటి బయట పెంచే పద్ధతికీ అక్కడే నాంది పడింది.

ఆ శంకువు అంచుల్లో యాక్టిన్ అనే ప్రొటీన్ పోగులు ముందుకు తోస్తుంటాయి. వెనక నుంచి మైక్రోట్యూబ్యూల్స్ వచ్చి, కొత్తగా దొరికిన జాగాను గట్టిపరుస్తాయి. దారిలో నెట్రిన్లు, సెమాఫోరిన్లు, స్లిట్లు, ఎఫ్రిన్లు అనే ప్రొటీన్లు కొన్ని తంతువులను లాగుతాయి, కొన్నిటిని నెడతాయి. ఒకే నెట్రిన్ ఒక తంతువును రమ్మని, మరో తంతువును పొమ్మని చెప్పగలదు. ఆ తేడా నెట్రిన్‌లో లేదు, అందుకునే తంతువు పొరమీది గ్రాహకాల్లో ఉంది.

గమ్యం చేరినంత మాత్రాన కణానికి బతుకు ఖాయం కాదు. రీటా లెవీ మోంటాల్చీని సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1938లో ఇటలీ ఫాసిస్టు ప్రభుత్వం తెచ్చిన జాతి చట్టాలు యూదులను విశ్వవిద్యాలయాల నుంచి వెళ్లగొట్టాయి. ఆమె టురిన్‌లో తన పడకగదినే ప్రయోగశాలగా మార్చుకుని కోడి పిండాల నాడుల మీద పరిశోధన సాగించింది. యుద్ధం తర్వాత అమెరికాలో సెయింట్ లూయిస్‌లో విక్టర్ హాంబర్గర్ దగ్గర చేరింది. 1950లలో, ఎలుక కణితి ముక్కను కోడి పిండంలో అతికిస్తే నాడులు దాని వైపు దట్టంగా పెరగడం గమనించింది. కణితి నుంచి ఏదో పదార్థం విడుదలవుతోందని నిలబెట్టింది. స్టాన్లీ కోహెన్‌తో కలిసి ఆ పదార్థాన్ని వేరుచేసింది. అదే నాడీ పెరుగుదల కారకం, ఎన్‌జీఎఫ్. ఇద్దరికీ 1986లో నోబెల్ వచ్చింది.

ఆ పరిశోధన బయటపెట్టిన సత్యం కొంచెం కఠినమైనది. నాడీవ్యవస్థలో చాలాచోట్ల కావలసినదానికంటే ఎక్కువ కణాలు పుడతాయి, వాటిలో సగం దాకా వికాస దశలోనే చనిపోతాయి. గమ్యంలో దొరికే ఎన్‌జీఎఫ్ లాంటి పోషక ప్రొటీన్లు అందరికీ చాలవు. అందుకున్న కణం బతుకుతుంది, అందనిది తనను తానే అంతం చేసుకుంటుంది. సి. ఎలెగాన్స్ అనే చిన్న పురుగులో ఈ లెక్క ఒక్క కణం తేడా లేకుండా తెలుసు. ఉభయలింగ జీవిలో పుట్టే 1,090 దేహకణాల్లో 131 చనిపోతాయి, వాటిలో అత్యధికం నాడీకణాలుగా మారాల్సినవే. చివరికి మిగిలే నాడీకణాలు 302. ఆ మరణాన్ని నడిపే జన్యువుల బంధువులే మనలోనూ పనిచేస్తున్నాయి. ఈ పనికి బ్రెన్నర్, హోర్విట్జ్, సల్స్టన్‌లకు 2002లో నోబెల్ దక్కింది.

1977లో రాబర్ట్ కాంపెనాట్ చేసిన ప్రయోగం దీనికి ఒక కొత్త కోణం చేర్చింది. కణదేహాలు ఒక గదిలో, యాక్సాన్ కొసలు మరో గదిలో ఉండేలా ఆయన పాత్రను విభజించాడు. కొసల గదిలోంచి మాత్రమే ఎన్‌జీఎఫ్‌ను తీసేశాడు. ఆ గదిలోని యాక్సాన్లు శిథిలమయ్యాయి, కణదేహాలు మాత్రం బతికే ఉన్నాయి. చావాలా వద్దా అన్న నిర్ణయం కణం మొత్తం ఒకేసారి తీసుకోదు, తంతువులో ఒక భాగం తన పాటికి తాను తీసుకోగలదు. వ్యాధుల దగ్గరికి వచ్చేసరికి ఇది చాలా ముఖ్యమవుతుంది.

ఆగడం

పుట్టకముందు ఎలుక కంటి రెటీనా నుంచి తీసిన గాంగ్లియన్ కణాలు, అంటే చూపు కబురును మెదడుకు మోసే నాడీకణాలు, గాజు పలక మీద చురుగ్గా యాక్సాన్లు చాస్తాయి. పుట్టిన సమయానికి ఆ వేగం ఒక్కసారిగా పడిపోతుంది. చుట్టూ ఎంత మంచి పోషకద్రవం పోసినా మళ్లీ రాదు. 2002లో బెన్ బారెస్ ప్రయోగశాల దీనికి కారణం వెతికి, పక్కనుండే అమాక్రిన్ అనే మరో రకం రెటీనా నాడీకణాల స్పర్శే ఆ సంకేతమని చూపింది. నీకు సంబంధాలు కుదిరాయి, ఇక పొడవు పెరగడం ఆపు అన్నట్టుగా. అక్కడి నుంచి ఆ కణం డెండ్రైట్లు పెంచే పనిలో పడుతుంది.

2016లో బ్రాడ్కే బృందమే మరో ఆధారం చేర్చింది. కాల్షియం మార్గాల్లో ఉండే ఆల్ఫా2డెల్టా2 అనే ఉపప్రొటీన్ సినాప్స్‌ల ద్వారా, అంటే నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట్ల ద్వారా, కబురు పంపడానికి అవసరం. స్పర్శ లాంటి కబుర్లు మోసే జ్ఞాన నాడీకణాలు పరిపక్వమయ్యేకొద్దీ దాని మోతాదు పెరుగుతుంది, పెరిగేకొద్దీ యాక్సాన్ పెరుగుదల తగ్గుతుంది. దాన్ని అడ్డుకుంటే పెరుగుదల మళ్లీ మొదలైంది. నాడినొప్పికి చాలాకాలంగా వాడుతున్న ప్రిగాబాలిన్ అనే మందు అతుక్కునేది ఈ ప్రొటీన్ కుటుంబానికే. వెన్నుపాము గాయపడిన ఎలుకలకు ఆ మందు ఇస్తే జ్ఞాన నాడుల తంతువులు గాయం దాటి పెరిగాయి.

కబురు పంపే పని, పొడవు పెరిగే పని ఒకదానికొకటి పొసగవని నేను అర్థం చేసుకున్నాను. ఆగిపోవడాన్ని లోపంగా చూడటం నాకు సరిగా తోచదు. కోట్లాది సంబంధాలు కుదిరిన మెదడులో ప్రతి తంతువూ ఇంకా దారులు వెతుకుతూ ఉంటే ఏ జ్ఞాపకం నిలుస్తుంది, ఏ కదలిక కుదురుగా సాగుతుంది? నిలకడ కోసం మనం చెల్లించిన మూల్యం ఇది. గాయం తగిలిన రోజున ఆ మూల్యం చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

ఆపే మీటల్లో ఎక్కువగా పరిశోధించినది పీటెన్. కణం పెరుగుదలను నడిపే ఎమ్‌టార్ మార్గానికి ఇది కళ్లెం. 2008లో బోస్టన్‌లో జిగాంగ్ హె బృందం ఎలుకల రెటీనా కణాల్లో పీటెన్‌ను తొలగించి, దృష్టినాడిని నలిపింది. సాధారణంగా తిరిగి పెరగని ఆ నాడిలో యాక్సాన్లు పెరగడం మొదలుపెట్టాయి. 2011లో పీటెన్‌తో పాటు సాక్స్-3 అనే మరో కళ్లేన్నీ తీసేస్తే ఫలితం ఇంకా బలంగా, ఎక్కువకాలం కొనసాగింది. ఇలాంటి వార్త చదివినప్పుడు ఆశ కలగడం సహజం. కానీ పీటెన్ శరీరంలో కణితులు రాకుండా కాపలా కాసే ప్రొటీన్ కూడా. దాన్ని తీసేసి ఊరుకునే చికిత్స ఉండదు.

కూలడం

1850లో లండన్‌లో అగస్టస్ వాలర్ కప్పల నాలుకకు వెళ్లే నాడులను తెంపి, తెగిన చోటుకు అవతలి భాగం ముక్కలు ముక్కలై శిథిలం కావడాన్ని వర్ణించాడు. కణదేహం నుంచి వేరుపడింది కాబట్టి తిండి లేక చచ్చిందని అందరూ అనుకున్నారు. ఆ అభిప్రాయం నూరేళ్లకు పైగా నిలిచింది.

దాన్ని పడగొట్టింది ఒక ఎలుకల జాతి. 1989లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు గమనించిన ఆ ఎలుకల్లో నాడిని తెంపితే, అవతలి భాగం రెండు వారాలు దాటినా చెడకుండా ఉంది, విద్యుత్ సంకేతాలను కూడా మోసింది. మామూలు ఎలుకల్లో అది ఒకటి రెండు రోజుల్లో పనిచేయడం మానేస్తుంది. తిండి లేకపోవడమే కారణమైతే ఈ ఎలుకల యాక్సాన్లు కూడా అంతే త్వరగా చచ్చి ఉండాలి. కాబట్టి మామూలు యాక్సాన్‌లో ఏదో పనిగట్టుకుని దాన్ని కూలుస్తోంది, ఈ ఎలుకల్లో అది ఆగింది.

ఆ ఏదో ఏమిటన్నది తేలడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఆ ఎలుకల్లో ఒక జన్యువు మరోదానితో కలిసిపోయి, ఎన్‌ఏడీ అనే అణువును తయారుచేసే ఎంజైమ్‌ను యాక్సాన్‌లో నిలకడగా ఉంచుతోంది. ఎన్‌ఏడీ లేకుండా కణంలో శక్తి ఉత్పత్తి జరగదు. 2012లో మార్క్ ఫ్రీమన్ బృందం ఈగల్లోనూ ఎలుకల్లోనూ సార్మ్-1 అనే ప్రొటీన్ లేకపోతే తెగిన యాక్సాన్లు వారాల తరబడి నిలుస్తాయని చూపింది. 2017లో సెయింట్ లూయిస్‌లోని మిల్‌బ్రాంట్, డయాంటోనియో బృందం అసలు గుట్టు విప్పింది. సార్మ్-1 స్వయంగా ఎన్‌ఏడీని ముక్కలు చేసే ఎంజైమ్.

వరసగా చూస్తే ఇలా జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న యాక్సాన్‌లోకి కణదేహం నుంచి ఎన్‌ఎంనాట్-2 అనే ఎంజైమ్ నిరంతరం వస్తుంటుంది. దాని ఆయుష్షు కొన్ని గంటలే. అది ఎన్‌ఎంఎన్ అనే ముడిసరుకును ఎన్‌ఏడీగా మారుస్తుంటుంది. తంతువు తెగినా, రవాణా ఆగినా కొత్త ఎంజైమ్ రాదు, ఉన్నది కరిగిపోతుంది. ఎన్‌ఎంఎన్ పేరుకుంటుంది, ఎన్‌ఏడీ తగ్గుతుంది. సార్మ్-1 ఈ రెండింటి నిష్పత్తిని పసిగట్టే ప్రొటీన్. నిష్పత్తి ఒక హద్దు దాటగానే అది మేల్కొని మిగిలిన ఎన్‌ఏడీని కూడా తినేస్తుంది. శక్తి అడుగంటుతుంది, కాల్షియం లోపలికి వరదలా వస్తుంది, కాల్పెయిన్లు అనే ప్రొటీన్ కత్తెరలు అస్థిపంజరాన్ని తుంచేస్తాయి.

దీనికి మనుషుల్లో ఒక విషాదకరమైన సాక్ష్యం కూడా దొరికింది. ఒకప్పుడు అమెరికాలో వేకార్ అనే ఎలుకల మందు అమ్మేవారు. దాన్ని మింగి బతికినవారిలో తీవ్రమైన నాడీవ్యాధి, మధుమేహం కనిపించాయి. కొన్ని దశాబ్దాల తర్వాత, 2021లో, ఆ విషం శరీరంలో ఎన్‌ఎంఎన్‌ను పోలిన పదార్థంగా మారి సార్మ్-1ను నేరుగా మేల్కొలుపుతుందని తేలింది. యాక్సాన్‌కు ఏ గాయమూ తగలకుండానే, ఈ ఒక్క మీట నొక్కితే అది కూలిపోతుంది.

చేతిలో దారి, వెన్నుపాములో అడ్డు

తెగిన తంతువు కొత్తగా పెరగాలంటే ముందు పాత శిథిలాలు తొలగాలి. చేతి నాడిలో యాక్సాన్లను చుట్టి ఉండేవి ష్వాన్ కణాలు. యాక్సాన్ కూలగానే ఇవి యాక్సాన్‌ను చుట్టే కొవ్వు పొర అయిన మైలిన్ తయారీ మానేసి, సి-జున్ అనే ప్రొటీన్ ఆధ్వర్యంలో వేరే వేషం కడతాయి. శిథిలాలను కొంత తామే తింటాయి, మ్యాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలను పిలిచి మిగతాది తినిపిస్తాయి, పోషక ప్రొటీన్లు విడుదల చేస్తాయి, పాత గొట్టం పొడవునా బారులుతీరి కొత్త కొసకు దారి చూపుతాయి. మనిషిలో ఆ కొస రోజుకు సుమారు 1 మిల్లీమీటరు సాగుతుంది. ఈ ఏర్పాటు ఎల్లకాలం ఉండదు. నెలలు గడిచేకొద్దీ ష్వాన్ కణాల ఉత్సాహం తగ్గుతుంది, నాడి అందని కండరం క్షీణిస్తుంది. భుజం దగ్గర తెగిన నాడి చేతివేళ్ల కండరాలకు చేరేసరికి అక్కడ నడపడానికి కండరమే మిగలకపోవచ్చు. మరమ్మతు ఆలస్యం చేయకూడదని సర్జన్లు తొందరపడేది ఇందుకే.

వెన్నుపాములో ఈ ఏర్పాటే లేదు. అక్కడ మైలిన్ చుట్టేది ఆలిగోడెండ్రోసైట్లు, వాటికి వేషం మార్చే విద్య రాదు. శిథిలాలు నెలల తరబడి అలాగే పడి ఉంటాయి. ఆ శిథిలాల్లోనే పెరుగుదలను అడ్డుకునే ప్రొటీన్లున్నాయి. జ్యూరిక్‌లో మార్టిన్ ష్వాబ్ 1980లలో మొదలుపెట్టి వాటి వెంటపడ్డాడు. వాటిలో ప్రధానమైన నోగో-ఏ జన్యువును 2000లో గుర్తించారు. అంతకంటే ముందే, 1981లో మాంట్రియల్‌లో డేవిడ్, అగాయో ఎలుకల వెన్నుపాముకూ మెదడు అడుగుభాగానికీ మధ్య కాలి నాడి ముక్కను వంతెనలా అతికించారు. కేంద్ర నాడీకణాల యాక్సాన్లు ఆ వంతెనలో సెంటీమీటర్ల కొద్దీ పెరిగాయి. అవతలి ఒడ్డున మళ్లీ కేంద్ర నాడీవ్యవస్థలోకి అడుగుపెట్టగానే కొద్ది దూరంలోనే ఆగిపోయాయి. పరిసరాల మాట ఎంత బలమైనదో ఇంతకంటే స్పష్టంగా చూపిన ప్రయోగం లేదు.

గాయం చుట్టూ ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలు కట్టే మచ్చ గురించి మాత్రం వాదం ఇంకా నడుస్తోంది. ఆ మచ్చలోని కాండ్రాయిటిన్ సల్ఫేట్ ప్రొటియోగ్లైకాన్లు అనే, చక్కెర గొలుసులు అంటిన ప్రొటీన్లు తంతువులను ఆపుతాయని, వాటిని జీర్ణంచేసే ఎంజైమ్ ఇస్తే ఎలుకల్లో కొంత పనితీరు తిరిగొస్తుందని 2002లో చూపారు. 2016లో సోఫ్రోన్యూ బృందం ఎదురుప్రశ్న వేసింది. ఆస్ట్రోసైట్ల మచ్చ కట్టకుండా ఆపితే పెరుగుదల మెరుగుపడకపోగా దెబ్బతింది. మచ్చ అంటే ఒకే గోడ అనుకోవడంలోనే పొరపాటుందని నాకనిపిస్తుంది. అందులో వేర్వేరు కణాలున్నాయి, కాలాన్ని బట్టి వాటి పనీ మారుతుంది.

పాక్లిటాక్సెల్ రెండోసారి కనిపించేది ఇక్కడే. 2011లో బ్రాడ్కే బృందం వెన్నుపాము గాయపడిన ఎలుకలకు దాన్ని చాలా తక్కువ మోతాదులో ఇచ్చింది. మచ్చ తగ్గింది, యాక్సాన్ పెరుగుదల మెరుగైంది. పిండదశలో యాక్సాన్‌ను యాక్సాన్‌గా మార్చిన మైక్రోట్యూబ్యూల్ స్థిరత్వమే ఇక్కడా పనిచేసింది.

మూడోసారి కనిపించేది క్యాన్సర్ వార్డులో. అక్కడ మోతాదు ఎక్కువ. మైక్రోట్యూబ్యూల్స్ మరీ బిగుసుకుపోతే వాటి మీద సాగే రవాణా దెబ్బతింటుంది, పొడవైన యాక్సాన్ల కొసలు చెడిపోవడం మొదలవుతుంది. పాదాల్లో, వేళ్లలో తిమ్మిరీ మంటా వచ్చి, కొందరిలో చికిత్సనే తగ్గించాల్సి వస్తుంది. సార్మ్-1 లేని ఎలుకలకు ఇదే మందు ఇస్తే ఆ నాడీనష్టం చాలావరకు రాలేదు. ఒకే మందు, ఒకే గొట్టాలు. మోతాదును బట్టి అది యాక్సాన్‌ను పుట్టించగలదు, పెంచగలదు, కూల్చగలదు.

జబ్బుల్లో

చాలక నాడీకణాలు నశించే ఏఎల్ఎస్ జబ్బులో, దాదాపు అందరు రోగుల్లోనూ టీడీపీ-43 అనే ప్రొటీన్ కేంద్రకం వదిలి బయట ముద్దకడుతుందని 2006లో తెలిసింది. కేంద్రకంలో దాని పని ఆర్‌ఎన్‌ఏ సందేశాల్లో అక్కర్లేని ముక్కలు చేరకుండా చూడటం. అది లేనప్పుడు ముందుగా చెడిపోయే సందేశాల్లో ఒకటి ఏమిటో 2019లో రెండు బృందాలు విడివిడిగా కనుగొన్నాయి. అది స్టాత్మిన్-2. ఇది మైక్రోట్యూబ్యూల్స్‌తో పనిచేసే ప్రొటీన్, పిండదశలో పెరుగుదల శంకువుల్లో దండిగా ఉంటుంది. గాయపడిన చాలక నాడీకణం తిరిగి పెరగడానికీ ఇదే కావాలి. వికాసంలో కనబడ్డ ప్రొటీన్, మరమ్మతుకు అవసరమైన ప్రొటీన్, క్షీణతలో మాయమయ్యే ప్రొటీన్ ఒక్కటే కావడం చూశాక, ఆ మూడు అధ్యాయాలను విడదీసి చదవడం నాకు సాధ్యం కాలేదు. ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని, చెడిన ఆ సందేశాన్ని సరిచేసే యాంటీసెన్స్ అణువు ఇప్పుడు మనుషుల్లో తొలిదశ పరీక్షలకు చేరింది.

అల్జీమర్స్‌లోనూ ఇలాంటి తిరుగుదారి కనిపిస్తుంది. ఎదిగే మెదడులో అదనపు సినాప్స్‌లకు సీ1క్యూ అనే రోగనిరోధక ప్రొటీన్ అంటుకుంటుందని, ఆ గుర్తుతో వాటి తొలగింపు జరుగుతుందని 2007లో తేలింది. మింగే పని మెదడులోని రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియాది. 2016లో అల్జీమర్స్ ఎలుకల్లో, ఆ జబ్బుకు గుర్తయిన అమిలాయిడ్ అనే ప్రొటీన్ గడ్డలు కనబడక ముందే, అదే ప్రొటీన్ అవే కణాల చేత సినాప్స్‌లను తినిపిస్తోందని చూపారు. బాల్యంలో మెదడును చెక్కిన పద్ధతి ముసలితనంలో అనవసరంగా తిరిగి తెరుచుకుంది.

సార్మ్-1ను ఆపే మందులూ మనుషుల్లో తొలి పరీక్షల దాకా వచ్చాయి. వాటిని ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలన్నది అంత తేలిక కాదు. ఆక్స్‌ఫర్డ్ ఎలుకల్లో తెగిన యాక్సాన్ ఎక్కువకాలం నిలిచింది సరే, దాంతోపాటే నాడి తిరిగి పెరగడమూ ఆలస్యమైంది. శిథిలం తొలగకపోతే ష్వాన్ కణాలు మేల్కోవు, కొత్త కొసకు దారి ఉండదు. పూర్తిగా తెగిన నాడికి ఈ మందు మేలు చేస్తుందని నేను అనుకోను. కణదేహంతో సంబంధం తెగకుండా కొసలు మాత్రమే దెబ్బతినే జబ్బుల్లో సంగతి వేరు. మధుమేహం వల్ల వచ్చే నాడీవ్యాధి అలాంటిదే, కానీ అది ఎప్పుడు మొదలైందో ఎవరికీ కచ్చితంగా తెలియదు. ఏఎల్ఎస్‌లో లక్షణాలు బయటపడేసరికే చాలా యాక్సాన్లు కండరాన్ని వదిలేసి ఉంటాయి. కీమోథెరపీ ఒక్కటే దెబ్బ ఏ రోజున తగలబోతుందో ముందే తెలిసిన సందర్భం. పాక్లిటాక్సెల్ ఎక్కించే ముందే యాక్సాన్‌కు రక్షణ ఇవ్వవచ్చు, చికిత్స ముగిశాక ఆపేయవచ్చు. సార్మ్-1ను ఆపడం మనుషుల్లో నిజంగా పనిచేస్తుందా అన్నది ముందుగా తేలాల్సింది అక్కడే.